తడిమట్టి చరణం

మా ముత్తవ్వ తిరువెంగళమ్మ వేసవి పొడుగునా బాటసారులకు మజ్జిగ పోసింది. మా నాయనమ్మ మాణిక్యాంబ పిలువకుండానే పురుటిండ్లకు వెళ్లి పథ్యం వండిపెట్టింది. ఈ కథ ఆమె నోట విన్నదే.

పొగమంచు పాలనురుగువలె తేలే ఒక వాగు ఒడ్డున ఈతచెట్టు ఉండేది. దాని మట్టలకు గిజిగాళ్ల గూళ్లు నిదురలో ఊగే ఊయలలవలె వేలాడేవి. గిజిగాళ్లు పాట పాడుతూ గూడు అల్లేవి. నార చీల్చు, ముడి వేయి, గొట్టం దించు... ఒక్కొక్క చరణానికి ఒక్కొక్క పని. అందులో రెండు చరణాలకు మాత్రం కారణం ఎవరికీ సరిగా తెలియదు: వాకిట తెల్ల ఈక కట్టు, లోపల తడిమట్టి అద్దు.

పసిడితల అనే పడుచు గిజిగాడు గూడు సగం అల్లాడు. అతని జోడు గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. మట్టి మోసి మోసి అతని ముక్కు నొచ్చింది.

చెట్టు కింద నుండి నక్క పలికింది. "అల్లుడూ, ఆ బురద ఎందుకయ్యా?"

"వెనుకటివారు దానికి మిణుగురులను అంటించి దీపాలు పెట్టుకొనేవారట, మామా."

"ఇప్పుడెవరైనా పెడుతున్నారా?"

"లేదు."

"దీపమే లేని ఇంటికి ప్రమిద ఎందుకు? ఆ చరణం తీసిపారవేయి. నీ జోడు ఎదురుచూస్తున్నది, పాపం!"

ఆ మాట పసిడితలకు తేనెవలె తోచింది. వెంటనే పైమట్ట మీద కూర్చున్న తన ముసలి నాయనమ్మ దగ్గరికి ఎగిరివెళ్లి, "నాయనమ్మా, కారణం తెలియని ఆ రెండు చరణాలూ తీసివేస్తాను," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"నక్క మామ."

"గొర్రె తడిసిందని తోడేలు ఏడ్చిందట!"

"అయితే ఆ మట్టి ఎందుకో నీవు చెప్పు."

ముసలిపిట్ట అంది: "నాకూ తెలియదురా. ఉంచితే నీ ముక్కు నొస్తుంది. తీస్తే నీ గుడ్లు పోవచ్చు. గుడ్లు లేని గూళ్లు రెండు అల్లి, వాటినే అడుగుదాం."

ఆమె పాడింది, అతడు అల్లాడు. ఒక గూటికి ఈక మానాడు, మరొకదానికి మట్టి మానాడు. రెండింటిలోనూ గుడ్లకు బదులు గచ్చకాయలు పెట్టాడు.

"మన గూడు సగంలో ఉండగా ఊరందరి గూళ్లూ అల్లుతున్నావా?" అని అతని జోడు దెప్పింది. కింద నక్క, అతడు గూళ్లలోకి మోసిన గుండ్రని కాయలను చూసి గుడ్లే అనుకొని, పెదవులు నాకుకొంటూ కాచుకొని ఉంది.

ఆకాశం పసుపునీళ్లు కలిపినట్లయిన వేళ పడమటిగాలి లేచింది. ఈక లేని గూడు మెల్లమెల్లగా ఊగి నిలిచింది. మట్టి లేని గూడు తేలికగా లేచి, తలకిందులైంది. నక్క నోరు బార్లా తెరిచింది. గచ్చకాయలు టపటప రాలాయి. ఆత్రంగా కొరికేసరికి రెండు పళ్లు ఊడి ఇసుకలో పడ్డాయి.

"మామా, గుడ్లు మరీ గట్టిగా ఉడికినట్లున్నాయే!" అన్నాడు పసిడితల.

నక్క మూలుగుతూ పొగమంచులో కలిసిపోయింది.

నాటి నుండి ఈక చరణం పాటలో లేదు. మట్టి చరణం ఉంది; ముసలిపిట్ట దానికి కారణం కూడా చేర్చి పాడింది: "గాలికి బరువుగా తడిమట్టి అద్దు." పసిడితల ముక్కు నొస్తున్నా ఆ చరణం పాడి, మట్టి అద్ది, గూడు ముగించాడు. అతని గుడ్లు అందులో ఊగుతూ పిల్లలయ్యాయి.

నీతి: కారణం తెలియని పాతదానికి మొక్కవద్దు, దానిని పెరకవద్దు; ముందు ఖాళీ గూటిలో పరీక్షించాలి.

నేను నా కోడలికి బియ్యం నిలువచేసే పద్ధతి అప్పగించాను. వేపాకు పురుగు పట్టకుండా వేస్తామని చెప్పాను. తూర్పుముఖంగానే కొలవాలన్న నియమాన్ని ఒక చిన్న కుండకు మాని చూశాను. బియ్యం చెడలేదు కనుక దానిని విడిచిపెట్టాను. ఈ కథనూ ఆమెకే ఇచ్చాను.