పల్లపువీధి నుంచి రాని కబురు

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా ముందు, ఒక కొండవాలు మీద సువర్ణవాటి అనే నగరం ఉండేదట. దాన్ని సోమదత్తుడనే రాజు ఏలేవాడు. రాజు మంచివాడే, కానీ ఊరికి మూడు కష్టాలుండేవి. అంగడి కూడలిలో బండ్లు ఒకదానికొకటి అడ్డుపడి గంటల తరబడి కదిలేవి కావు. చెరువు నీళ్లు దగ్గరి వీధులకే అయిపోయి చివరి వీధులకు అందేవి కావు. వాన గట్టిగా పడితే కొండ మీది నీరంతా ఊళ్లోకి దిగేది.

ఆ ఊళ్లోనే చారుమతి అనే గణకురాలు ఉండేది. ఆమె ఏడేళ్లు కష్టపడి, ఆలోచించే యంత్రం ఒకటి తయారుచేసింది. కూడళ్లలో బండ్లు నడిచే చోట చెక్కపలకలు పరిచింది. కాలువల్లో ఇత్తడి బుడ్డీలు తేలవేసింది. బండి పలకను తొక్కినా, నీరు పెరిగి బుడ్డి పైకి లేచినా, సన్నని తీగ కదిలి ఆ కబురు యంత్రానికి చేరేది. నిన్న జరిగింది గుర్తుంచుకుని, రేపు జరగబోయేది అది ఊహించి చెప్పేది. దానికి మాటలు కూడా వచ్చు.

రాజు మొదట బండ్ల సంగతి అప్పగించాడు. యంత్రం పదిరోజులు రాకపోకలు గమనించి, ఏ దారి ఎప్పుడు ఆపాలో, ఏ దారి ఎప్పుడు వదలాలో కాపలావాళ్లకు చెప్పింది. ఆ తరవాత కుండల బండ్లూ ధాన్యం బండ్లూ ఆగకుండా సాగిపోయాయి.

ఆ పైన నీళ్ల సంగతి అప్పగించాడు. ఏ తూము ఏ వేళకు ఎత్తాలో యంత్రం చెప్పింది. చివరి వీధి ఆడవాళ్లు తమ గడప ముందే బిందెలు నింపుకున్నారు.

రాజు పొంగిపోయాడు. వచ్చే పౌర్ణమినాడు చారుమతిని పల్లకిలో ఊరేగించి సన్మానిస్తానని చాటించాడు. మంత్రి భద్రసేనుడు ఇంకొక మాట చెప్పాడు. అన్నీ యంత్రమే చూసుకుంటుంటే ప్రజల మొరలు వినే కొలువు ఇక ఎందుకని అడిగాడు. రాజుకు అదీ నిజమే అనిపించింది. మొరల కొలువు తలుపులు మూసేశారు.

ఇంతలో వానాకాలం వచ్చింది. కొండ నీటిని ఎటు మళ్లించాలని రాజు యంత్రాన్ని అడిగాడు. పడమటి కాలువలోకి మళ్లించమని అది చెప్పింది. ఆ కాలువ పల్లపువీధి మధ్యగా పోతుంది. అక్కడ నీరు పొంగిన జాడే లేదంది యంత్రం. రాజు సరేనన్నాడు.

పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం, బట్టలకు రంగులద్దే ఓబులమ్మ పల్లపువీధి నుంచి వచ్చింది. కొలువు మూసి ఉండటంతో వెతుక్కుంటూ చారుమతి ఇంటికే వెళ్లింది.

"అమ్మా, మా కాలువ సగం పూడిపోయింది. నిరుడు వానకే మోకాలి లోతు నీళ్లొచ్చి పిల్లల్ని అటకెక్కించుకున్నాం. ఈసారి కొండ నీళ్లు కూడా మా మీదికే వదిలితే మేమెక్కడ ఉండాలి?"

చారుమతి వాదించలేదు. ఆమెను వెంటబెట్టుకుని యంత్రం దగ్గరికి వెళ్లింది.

"పల్లపువీధి సంగతి నీకెలా తెలుసు?" అని అడిగింది.

"అక్కడి నుంచి నాకు ఏ కబురూ రాలేదు. అందుకే అక్కడ ఏ కష్టమూ లేదనుకున్నాను" అంది యంత్రం.

చారుమతికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ చిన్న వీధి సంగతి తరవాత చూద్దాంలే అని, అక్కడ బుడ్డి వేయకుండా వదిలేసింది తనే.

అక్కడే ఉన్న భద్రసేనుడు చారుమతిని పక్కకు పిలిచి, సన్మానం అయ్యాక మెల్లగా సరిదిద్దుకోవచ్చునని, ఇప్పుడు చెబితే పరువు పోతుందని నచ్చజెప్పాడు. చారుమతి కొండ వైపు చూసింది. మబ్బులు నల్లగా దిగి ఉన్నాయి. ఆమె ఓబులమ్మను వెంటబెట్టుకుని నేరుగా రాజు దగ్గరికి నడిచింది.

"మహారాజా, యంత్రం చెప్పింది తప్పు. ఆ తప్పు దానిది కాదు, నాది. కబురు రాని చోట కష్టం లేదని దానికి నేర్పింది నేనే."

రాజు ఓబులమ్మను దగ్గరికి పిలిచి, నీళ్లు ఎటు పంపితే బాగుంటుందని అడిగాడు. ఉత్తరపు కాలువ నిరుడే తవ్వారని, అది ఖాళీగా ఉందని ఆమె చెప్పింది. ఆ మాట యంత్రానికి చెబితే అది మళ్లీ లెక్క కట్టింది. ఆ కాలువ సగం నీళ్లే మోస్తుందని, మిగతా సగం ఊరి బయట రాజుగారి ఏనుగులు తిరిగే మైదానంలోకి వదలాలని చెప్పింది. ఈ ఉపాయానికి ఓబులమ్మ కూడా తల ఊపింది. సాయంత్రానికల్లా తూములన్నీ మార్చారు.

మూడు రోజులు వాన కురిసింది. పల్లపువీధిలో నీరు గడప తడిపి వెళ్లిపోయింది, లోపలికి రాలేదు. ఏనుగులు మాత్రం ఆ మూడు రోజులూ మైదానంలో హాయిగా జలకాలాడాయట.

వాన వెలిశాక రాజు చారుమతిని పల్లకిలో ఊరేగించాడు. మంచి యంత్రం చేసినందుకు ఒక శాలువా, నిజం చెప్పినందుకు రెండు శాలువాలు కప్పాడు. పడమటి కాలువ పూడిక తీయించాడు. భద్రసేనుడే వెళ్లి ప్రతి వీధిలోనూ బుడ్డీలు వేయించాడు. మొరల కొలువు మళ్లీ తెరిచి, యంత్రాన్ని కూడా అక్కడే ఒక మూల కూర్చోబెట్టారు. జనం చెప్పేది అదీ వినేది.

కనుక పిల్లలూ, ఎంత గొప్ప తెలివైనా అందరి కష్టమూ విన్నప్పుడే ఊరికి మేలు చేస్తుంది. తప్పు ఒప్పుకునే ధైర్యం ఉన్నచోటే ఆ తెలివి పెరుగుతుంది.