చింతలవాగు వంతెన మీద కుదుపు

పేరిశాస్త్రి గారికి ఒక అలవాటు ఉండేది. ఏ వంతెన పరీక్షకు వెళ్లినా ముందు దాని కింద చేరి, ఇడ్లీ పొట్లం విప్పేవారు. తినడం పూర్తయ్యేదాకా పైకి ఎక్కేవారు కాదు. భూమి కంపిస్తే పాత వంతెనల్లో ఏది నిలుస్తుందో, ఏది కూలుతుందో ముందుగా తేల్చి రాయడం ఆయన పని. టేపు పట్టుకుని ఆయన వెంట తిరిగిన వాళ్లలో నేనొకణ్ణి.

చింతలవాగు దగ్గర, ఆయన ఇంకా చట్నీ ముగించకముందే, కొత్తగా చేరిన ఇంజనీరు కల్పలత అడిగేసింది.

"సార్, నలభై ఏళ్లుగా లారీలు మోస్తున్న వంతెన. పైనంతా చూశాను, ఎక్కడా బీట లేదు. ఇంతవరకు రాని భూకంపానికి ఇది తట్టుకోదని ఎలా చెప్పగలం?"

ఆయన చేయి కడుక్కుని, "బంగారయ్యని రమ్మను" అన్నారు.

బంగారయ్య ఆ వంతెన బాగోగులు చూసే మేస్త్రి. ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఇంకొక్క నెలలో రిటైర్మెంటు. ఆ రహదారిలో మిగతా వంతెనలన్నీ ఎక్కితే ధడ్ ధడ్‌మని ఎముకలు కదిలేవి, ఇక్కడ మాత్రం బస్సులో టీ తాగినా తొణికేది కాదు. డ్రైవర్లు బంగారయ్యని చూసి హారన్ కొట్టి చేయి ఊపేవారు. పై అధికారులు శాలువా కూడా కప్పారు. ఇంతకీ బంగారయ్య చేసిన ఘనకార్యం ఏమిటంటే, శ్లాబుకీ శ్లాబుకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీలు ఉంటాయి చూశారూ, జనం నడుములు పోతున్నాయని జాలిపడి వాటన్నిటినీ కాంక్రీటుతో పూడ్చేశాడు!

శాస్త్రి గారు అతన్ని వంతెన కిందికి, ఒడ్డు వైపు చివరికి తీసుకెళ్లి వేలెత్తి చూపించారు. దూలం ఆనుకున్న చోట గోడ మూల విరిగిపోయి, కొరికిన బెల్లం అచ్చులా ఉంది. పైనుంచి చూసేవాళ్లకు అది కనపడదు.

"ఎండకి దూలం సాగింది బంగారయ్యా. జరగడానికి చోటు లేక గోడని నెట్టింది. ఎండకే ఇట్లా ఉంటే, ఇక భూమి కదిలితే?"

అంతకన్నా చెప్పక్కర్లేకపోయింది. బంగారయ్య ముఖం మాడిపోయింది. ఆ విరిగిన మూలని చేత్తో తడిమాడు.

"నా చేతుల్తోనే పూడ్చానయ్యా," అన్నాడు. "తవ్వితే మళ్లీ ఆ కుదుపే. ఇన్నేళ్ల మంచి పేరు పోతది. ఒక్క నెల ఆగండయ్యా, నేను దిగిపోయాక తవ్వించుకోండి."

కల్పలత మనసు కరిగింది. "నెలే కదా సార్, ఆగుదాం" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది.

"ఆయన రిటైర్మెంటు తారీఖు భూమికి ఎవరైనా చెప్పారా అమ్మా?" అన్నారు శాస్త్రి గారు.

బంగారయ్య మర్నాడు పొద్దున్నే బండ్లని ఒక పక్కకి మళ్లించి, ఉలీ సుత్తీ పట్టుకుని తనే కూర్చున్నాడు. కూలీలని ముట్టుకోనివ్వలేదు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు మేమంతా చూస్తుండగా మొదటి బస్సు ఎక్కింది. ధడ్! కిటికీలోంచి ఒకాయన తల బయటపెట్టి, "ఏ దిక్కుమాలినోడ్రా ఈ బ్రిడ్జి చూసేది! నా నడుం ఇరిగింది గదరా!" అని అరిచాడు. ఇరవై ఆరేళ్లలో బంగారయ్య వినని మాట. తల దించుకుని, తుండుతో కళ్లు తుడుచుకున్నాడు.

కల్పలతకి ఒళ్లు మండింది. ఎవరివల్ల క్షేమంగా వెళ్తున్నారో తెలుసా అని బస్సు వెనక కేకేయబోయింది. శాస్త్రి గారు చేయి అడ్డం పెట్టారు.

"తిట్టుకోనీ అమ్మా," అన్నారు. "ఇంటికి చేరేవాడి తిట్లేగా."