నేల మీద పెట్టిన నాణెం

చిన్న కథే. మీ చేతిలో జంతిక అయ్యేలోపు అయిపోతుంది. అనగా అనగా పసుపుకోట అనే ఊరు. ఎప్పుడని అడక్కండి, అప్పటికి మీరూ లేరు, నేనూ లేను. ఆ ఊళ్ళో శుక్రవారం వస్తే పులుసుకు చింతపండు దొరికేది కాదు. అందరూ దాన్ని ఇటుకపొడితో కలిపి ఇత్తడీ రాగీ తోమేసేవాళ్ళు. షావుకారు పుల్లయ్య ఇంట్లో గుమ్మం గొళ్ళెం కూడా తోమేవారు. లోపలి మనుషులు మాత్రం రెండు రోజులకోసారి స్నానం చేసేవారు. సరే, అది మనకెందుకు.

గవరమ్మ సంగతి కదా చెప్పాలి. ఆమె గానుగ ఆడించి నూనె అమ్ముకునేది. ఉన్న ఒక్క ఎద్దూ చచ్చిపోయింది. నెల రోజులుగా తనే కాడి భుజాన వేసుకుని గానుగ చుట్టూ తిరుగుతోంది.

అంతలో రాజుగారు చాటింపు వేయించారు. ముత్తాతగారి కాలపు ఏనుగు ముద్ర రాగి నాణెం ఉన్నవాళ్ళు పున్నమినాడు సభకు తేవాలి. రాజుగారి నాణెం కంటే మేలైనదని తేలితే, కోట శాలలో కోరిన ఎద్దును తోలుకుపోవచ్చు.

రాజుగారి నాణెం అద్దంలా మెరిసేది. ఆయన అందులో చూసుకుంటూ మీసం సరిచేసుకునేవారట.

గవరమ్మ దగ్గరా ఒకటుంది. భర్త పెరట్లో గుంత తవ్వుతుంటే దొరికింది. నల్లగా ఉంది. పైగా గునపం తగిలి ఏనుగు పొట్ట మీద గీత పడింది.

పుల్లయ్య చూసి నవ్వాడు. "ఏమ్మా గవరమ్మా, ఆ బొగ్గుముక్కను రాజుగారికి చూపిస్తావా? నాది మూడుసార్లు తోమించాను."

కంసాలి విరూపాచారి జాలిపడ్డాడు. "ఆ గీత పూడ్చిపెడతానమ్మా. నా నాణేనికీ దెబ్బ ఉండేది. పూడ్చాక దాని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు."

"కన్నతల్లి సభకొస్తుందా బాబూ?" అంది గవరమ్మ.

అంది గానీ, ఇంటికెళ్ళి తనే చింతపండు నానబెట్టింది. అలవాటుగా ముందు బిందె తోమింది. ఆ బిందె మీద ఒకప్పుడు వాళ్ళమ్మ పేరు చెక్కి ఉండేది. ముప్పై ఏళ్ళ శుక్రవారాలకు పేరు పోయింది, మెరుపు మిగిలింది. గవరమ్మ ఆ చోటును వేలితో తడిమింది. మిగిలిన చింతపండు పులుసులో వేసి, నాణేన్ని అలాగే కొంగున ముడేసుకుంది.

పున్నమినాడు పొరుగు రాజ్యం నుంచి బుక్కన్న అనే ముసలాయన వచ్చాడు. పాత నాణేలకు స్థాయి నిర్ణయించడం ఆయన పని. వెంట ఏడు చిన్న చెక్కమెట్లు తెచ్చాడు. ఎంత మేలైన నాణెమైతే అంత పై మెట్టు.

బుక్కన్న ముందు పుల్లయ్య నాణెం చూశాడు. "మెరుస్తోంది. ఏనుగు మాత్రం వంకాయలా ఉంది. కన్ను అరిగిపోయింది, గోళ్ళూ అరిగిపోయాయి." మొదటి మెట్టు.

విరూపాచారి నాణేన్ని బుక్కన్న గోటితో గీకాడు. పూడ్చిన ముక్క ఊడి చేతిలో పడింది. "దెబ్బను దెబ్బలాగే ఉంచితే ఐదో మెట్టెక్కేది నాయనా." అదీ మొదటి మెట్టే.

గవరమ్మ అడక్కముందే చెప్పింది. "అయ్యా, దీనికి పొట్ట మీద గీతుంది. మా ఆయన గునపం."

సభంతా నవ్వింది. బుక్కన్న నవ్వకుండా ఏనుగు గోళ్ళు లెక్కపెట్టాడు.

"ఈ నలుపు దాని వయసమ్మా, మురికి కాదు. గోళ్ళన్నీ ఉన్నాయి. ఏడో మెట్టెక్కాల్సింది. గీతకు ఒకటి తగ్గించాను. ఆరు."

"ఆరుకు ఎద్దొస్తుందా అయ్యా?"

"రాజుగారిది చూడాలి కదా."

అందరూ ఆమె వైపు జాలిగా చూశారు. రాజుగారు నాణెంలో చూసుకుని, మీసం సరిచేసుకుని, బుక్కన్న చేతికిచ్చారు. ఆయన ఏనుగు కోసం దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ప్రభూ, దీన్ని ఎన్నాళ్ళుగా తోముతున్నారు?"

"నలభై ఏళ్ళుగా. ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు."

బుక్కన్న దాన్ని ఏ మెట్టు మీదా పెట్టలేదు. మెట్ల పక్కన నేల మీద పెట్టాడు. "ఇది నాణెమని చెప్పడానికి ఇప్పుడు ఆధారం లేదు," అన్నాడు.

రాజుగారు నేల మీది నాణేన్ని చూసి, "ఎద్దును ఇచ్చేయండి," అన్నారు. గవరమ్మ దాన్ని తోలుకుపోయింది. తర్వాతి శుక్రవారం కోటలో చింతపండంతా పులుసులోకే వెళ్ళింది.

మచ్చ ఒక్క మెట్టే దించుతుంది. మచ్చ లేనట్టు మెరవాలన్న తాపత్రయం నేల దాకా దించుతుంది.