ఇరవై నాలుగు రాళ్లకి దండాలు

బొబ్బిలిలో ‘తెలియదు’ అన్న ఒక్క మాట తప్ప అన్నీ వచ్చిన మంజీర అనే అమ్మాయి ఉండేది. కొరియా సీరియళ్లు చూసి ఆ భాష తనంతట తానే నేర్చుకుంది. ఆ ధైర్యంతోనే మేనత్త వజ్రమ్మను వెంటబెట్టుకుని సియోల్ వెళ్లింది.

వజ్రమ్మ తాలూకా ఆఫీసులో ముప్పై అయిదేళ్లు అటెండరుగా పనిచేసి రిటైరైంది. ఆమె కోరిక ఒక్కటే. అక్కడి పాత రాజభవనం వాకిట్లో పెద్ద డోలు కొట్టి కాపలా మారుస్తారట. అది దగ్గర నిలబడి చూడాలి.

“పదింటికి కదే? ఇంకా అరగంట ఉంది” అంది వజ్రమ్మ.

“ఈలోగా లోపల చూసొద్దాం అత్తా. గైడెందుకు, నేను లేనూ?” అంది మంజీర.

సింహాసనం ఉన్న మండపం ముందు పెద్ద రాతి ముంగిలి. దారికి అటు పన్నెండు, ఇటు పన్నెండు నిలువు రాళ్లు. వాటి మీద చెక్కినవి కొరియా అక్షరాలు కావు, చీనా అక్షరాలు. మంజీరకి ఒక్కటీ రాదు.

“ఇవేమిటే?” అని అత్త అడిగింది.

భవనంలో పనిచేసే పెద్దావిడ ఒకామె పక్కనే ఉంది. అడగొచ్చు. కానీ అత్త చూస్తోందాయె! “యుద్ధంలో పోయిన వీరుల రాళ్లత్తా. మన వీరగల్లుల్లాంటివి” అనేసింది మంజీర.

వజ్రమ్మ వెంటనే చెప్పులు విడిచింది. “బొబ్బిలివాళ్లమై ఉండి వీరుల రాళ్లు చూసి ఊరికే పోతామా?” అంటూ వంగి, మొదటి రాయిని తాకి కళ్లకద్దుకుంది. తర్వాత రెండోది.

“అత్తా, మోకాళ్ల నొప్పులు! ఇక చాల్లే.”

“ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తే వాళ్లేమనుకుంటారే?”

పదిహేడో రాయి దగ్గర ఉండగా దూరంగా డోలు మోగింది. వజ్రమ్మ అటు చూసింది. అయినా కదల్లేదు. ఇరవై నాలుగూ ముగించి కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి సిపాయిలు వెళ్లిపోయారు.

“పోనీలే. వీరులకంటే డోలెక్కువా?” అంటూ మెట్టు మీద కూలబడి మోకాళ్లు రాసుకుంది.

మంజీర ఆ మోకాళ్ల వైపు చూసింది. లోపలున్న ఆ పెద్దావిడ దగ్గరికి పరుగెత్తి, “నాకు తెలియదు, చెబుతారా?” అని అడిగింది. తిరిగొచ్చి అత్త ముందు తల వంచుకుంది.

“అవి వీరులవి కావత్తా. దర్బారులో ఏ హోదా ఆఫీసరు ఎక్కడ నిలబడాలో చెప్పే గుర్తులట. తెలియకుండానే కోతలు కోశాను. డోలు మళ్లీ రెండింటికి కొడతారట.”

వజ్రమ్మ నోరు తెరిచింది. “అంటే ఇరవై నలుగురు ఆఫీసర్లకి దండాలు పెట్టానా? ముప్పై అయిదేళ్లు పెట్టినవి చాలలేదటే నీకు!” అని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఆపైన కుంటుకుంటూ మళ్లీ లోపలికి వెళ్లి ముందు వరుస రాయి పక్కన నిటారుగా నిలబడింది.

“ఇవాళ నేనే పెద్దాఫీసర్ని. పెట్టవే దండం! ఇరవై నాలుగూ పెట్టాలి.”

మంజీర లెక్క తప్పకుండా పెట్టింది. రెండింటికి ఇద్దరూ అందరికంటే ముందు నిలబడి డోలు చూశారు.

తెలియదని ఒప్పుకుంటే నొచ్చేది మన గొప్ప మాత్రమే. తెలిసినట్టు నటిస్తే నొచ్చేవి మనల్ని నమ్మినవాళ్ల మోకాళ్లు. అందుకే తెలియనిదాన్ని తెలియదని చెప్పాలి, అడిగి తెలుసుకోవాలి.