కొసపోగు తల్లి నోము కథ

పసుపు గణపతికి పూజ అయినది. దీపపు వత్తిని ఎగదోసితిమి. ఇక కథ. తక్కిన నోములలో అక్షతలు చేతబట్టి కథ విందురు. ఈ నోమునకు అక్షతలు లేవు. పీట మీది కదురు నుండి వచ్చు నూలుపోగును ఒకరి నుండి ఒకరు అందుకొని, అందరును దానిపై చేయి వేసి వినవలెను. కథ ముగియువరకు పోగును తెంపరాదు, గట్టిగా లాగరాదు. దగ్గు వచ్చినవారు మెల్లగా దగ్గవలెను.

పూర్వము నల్లరేగడి నేలల నడుమ తూలక మహర్షి ఆశ్రమము ఉండెను. ఒకనాడు నారచీర ధరించిన వల్కల మహర్షి అచ్చటికి వచ్చి, కాళ్లు కడిగికొని, చాప మీద కూర్చుండి ఇట్లడిగెను.

"మహాత్మా, నేను అడవి విడిచి ఊళ్ల వెంట తిరిగి వచ్చుచున్నాను. పుట్టిన బిడ్డను బట్టలో ఎత్తుకొనుచున్నారు. పోయినవానిని బట్టలో మోయుచున్నారు. నడుమనున్న కాలమంతయు మనుష్యుడు బట్టను విడువడు. అయినను పత్తి పండించినవాని ఇంటను, నూలు వడికినదాని ఇంటను, మగ్గము నేసినవాని ఇంటను ఏడుపు తప్ప నాకేమియు వినబడలేదు. లోకమునకు బట్ట కట్టినవారికి ఈ గతి యేల? దీనికి నోమేదైనను కలదా?"

 తూలక మహర్షి, నోము కలదనియు, దాని కథ విని సంతోషించినవారిని మాత్రము తానింతవరకు చూడలేదనియు పలికి, ఇట్లు చెప్పసాగెను.

నూలుమడుగు అను ఊరు కలదు. ఆ ఊరిలో మంగాయి అను ఇల్లాలు ఉండెను. ఆ కాలమున జనులు ఆకులును నారయు కట్టుకొనిరి. ఈ మాట వినగానే వల్కల మహర్షి తన నారచీరను కొంచెము సవరించుకొనెను. ఒకనాటి మధ్యాహ్నము ఒక ముసలమ్మ మంగాయి ఇంటి కంచె వెనుక నిలిచి, ఎంత పిలిచినను లోనికి రాకుండెను. ఎందుకు రావని అడుగగా, ఒంటి మీద బట్ట లేదని చెప్పెను. మంగాయి తన నారచీరను సగము చించి కంచె మీదుగా ఇచ్చెను.

ఆ ముసలమ్మ కొసపోగు తల్లి. ఆమె నారచీర చుట్టుకొని లోనికి వచ్చి, పిడికిలి విప్పి, తెల్లని బొచ్చు అంటిన నల్లని గింజలను మంగాయి కొంగులో పోసెను. విత్తుట, దూది ఏకుట, వడుకుట, నేయుట అన్నియు నేర్పెను. వెళ్లబోవుచు ఒక్క మాట చెప్పెను.

"పడుగు అయిపోయిన్నాడు మగ్గం మీది కొసలు కొయ్యకు బిడ్డా. కొత్త పడుగును ఆ కొసలకే అతుకు. గింజలు గురిగిల పోసి, ఆ పోగుతోనే మూతి కట్టు. కొస బతికున్నన్ని దినాలు నేను మీ ఇంట్లనే ఉంట."

మంగాయి అట్లే చేసెను. ఒక చీర ముగియగానే, వేళ్లకు బూడిద అద్దుకొని, పాత పోగు కొసకు కొత్త పోగును మెలిపెట్టి అతికెను. చీరలు మారెను గాని పోగు తెగలేదు. ఆ నూలుమడుగు బట్ట ఓడలెక్కి సముద్రములు దాటెను. గొర్రెబొచ్చు బట్టలు కట్టి వేసవిలో గోకికొనుచున్న దేశములవారు ఈ బట్టను ముట్టి చూచి, ఇది మనుష్యులు చేసినదా యని అడిగిరి. అచ్చటి రాణులు చలికి వణకుచునైనను దీనినే కట్టిరి. మంగాయి ఇంట గాదె నిండెను. ఆమె పండుముసలియై, గింజల చిట్టికుండ యగు గురిగిని కోడలి చేతికిచ్చి, సుఖముగా కన్ను మూసెను. ఈ కథలో సుఖముగా కన్ను మూసినది ఆమె ఒక్కతెయే.

ఆ వంశమున చాల తరములకు సూరాయి అను కోడలు వచ్చెను. అప్పటికి సముద్రమునకు ఆవలివారు తమ నేల మీద ఇనుప మిల్లులు కట్టిరి. ఆ మిల్లుల ఆకలి తీరునది కాదు. దానికై వేరొక ఖండపు మనుష్యులను గొలుసులతో కట్టి తెచ్చి పత్తి ఏరించిరి. వారి వేళ్ల నెత్తురు చీరలో కనబడదు, ఉతికియే అమ్ముదురు గనుక. మన దూదియు ఓడలెక్కి పోయి, నూలై తిరిగివచ్చి, మన ఊరి సంతలోనే కుప్ప పడెను.

ఒకనాడు షావుకారు ఆ మిల్లు నూలు తెచ్చి సూరాయి మగడికి ఇచ్చెను. నూలు సన్నముగాను సమముగాను ఉండెను. పాత కొస చేతి నూలు, అక్కడక్కడ ముద్దగా ఉండెను. రెండింటిని అతికిన చోట చీర అంచున ఒక గీత పడుచుండెను. షావుకారు ఆ గీతను గోటితో చూపి మొగము చిట్లించెను. ఏమి చేయుదమని మగడు సూరాయిని అడిగెను. సూరాయి కత్తిపీట తెచ్చెను.

"ఈ ఒక్కపారికి ఏంగాదు" అనెను. కొసలన్నియు కోసెను.

ఆ మాట అన్ననాటి నుండి ఆ ఇంట లక్ష్మి నిలువలేదు. మిల్లు నూలు వెనుకనే మిల్లు బట్టయు వచ్చెను. అది చౌక. మగ్గము గుంటలో కోళ్లు గుడ్లు పెట్టెను. కరవు వచ్చెను. మగడు దూరపు పట్నమున మిల్లు కూలియై, ఎగురు దూదిని పీల్చి పీల్చి, మూడు మెట్లు ఎక్కలేని దగ్గుతో తిరిగివచ్చెను. లోకమునకంతకు చీరలు నేసిన ఇంట, సూరాయియు ఆమె తోడికోడలును ఒక్క చీరను వంతులవారీగా కట్టుకొని బయటకు వచ్చుచుండిరి.

అప్పుడు కొసపోగు తల్లి, చిరుగులు పడిన మిల్లుచీర కట్టి, గుమ్మము ముందు నిలిచెను. సూరాయి ఆమె కాళ్లపై పడి తన తప్పు చెప్పుకొనెను. తల్లి కోపపడలేదు. ఉట్టి మీది గురిగిని చూపి, దాని మూతికి చుట్టిన పోగు ఇంకను తెగలేదని చెప్పి వెళ్లిపోయెను. సూరాయి ఆ పోగు కొసకు చేతి నూలు అతికి, మరల మగ్గము నడిపించెను. ఆ రోజులలో ఊరూర రాట్నములు తిరుగుటయు, చేతి బట్ట కట్టుట గౌరవమగుటయు జరిగెను. చీరలు అమ్ముడుపోయెను. మగడి దగ్గు తగ్గెను. పూర్తిగా తగ్గలేదు. పోయిన భాగ్యములో సగమే తిరిగివచ్చును. అతికినచోట ముడి ఉండక తప్పదు.

ఇంతవరకు విని వల్కల మహర్షి, ఇది తక్కిన నోముల వలెనే ఉన్నదనియు, తప్పు చేసిరి, దిద్దుకొనిరి, బాగుపడిరనియు, ఇందులో సంతోషింపరానిది ఏమున్నదనియు అడిగెను. తూలక మహర్షి, మూడవ కోడలి కథ ఇంకను మిగిలియున్నదని చెప్పెను.

సూరాయి మనుమడు పెంటయ్య. అతని భార్య ముత్యాలు. వారి నాటికి మగ్గము గుంట పూడ్చి సిమెంటు పోసిరి. ఉన్న చెలకలో పత్తి వేసి బ్రతుకుచుండిరి. గురిగి మాత్రము దూలమునకు వేలాడుచుండెను. ఏటేట అందులోని గింజనే విత్తి, మరల కొత్త గింజతో నింపి, అదే పోగుతో కట్టుచుండిరి. దూది కొంచెమే వచ్చెడిది గాని, పురుగు పట్టినను చేను నిలిచెడిది.

అంతట అంగడిలోనికి కొత్త విత్తనము వచ్చెను. పొట్లము మీద పిడికిలి అంత కాయ బొమ్మ ఉండెను. ఊరంతయు దానినే కొనెను. పెంటయ్యయు కొనెను. మరి ఈ గురిగిలోని గింజ ఏమి చేయుదము, నాయనమ్మ మాట ఉన్నది గదా యని భార్యను అడిగెను. ముత్యాలు అప్పుడే ఈనిన బర్రెను చూచెను.

"బర్రెకు నానేసి పెడుత. ఈ ఒక్కపారికి ఏంగాదు" అనెను.

గురిగిని వంచి గింజలను కుడితిలో పోసెను. మూతికి కట్టిన పోగును చీపురు వదులైనదని దానికి చుట్టెను. ఆ వారమంతయు బర్రె చిక్కని పాలిచ్చెను.

మొదటి యేడు చేను విరగపండెను. రెండవ యేడు నుండి కాయలోనికి పురుగు దూరెను. అంగడి పంట గింజను తిరిగి విత్తిన సరిగా కాయదు. ఏటేట కొనవలెను. మందు కొనవలెను. మందు కొట్టిన వెనుక పురుగునకు అది అలవాటయ్యెను, పెంటయ్య చేతులు మాత్రము వణకసాగెను. కోత వేళకు వాన పడెను. తడిసిన పత్తిని సంతలో కాలితో తన్ని చూచి, వద్దని వెనుకకు పంపిరి. ఇల్లంతయు పత్తి నిండెను, పడుకొన చోటు లేకుండెను. ఆ పత్తి నడుమ ముత్యాలు నైలాను చీర కట్టి తిరుగుచుండెను. పత్తి చీర కొనగల స్థితి పత్తి పండించినవారికి లేదు.

బండి సంత నుండి వెనుకకు వచ్చిన మరునాటి ఉదయము పెంటయ్య మందు డబ్బా తీసికొని చేనికి బయలుదేరెను. ముత్యాలు ఒక్క ముద్ద తిని పొమ్మనెను. అతడు ఆమె వంక చూచి నవ్వెను. చాల దినములకు నవ్వినాడని ఆమె సంతోషించెను.

"ఈ ఒక్కపారికి ఏంగాదు తియ్యి" అని వెళ్లెను.

మధ్యాహ్నము ఒక ముసలమ్మ వచ్చెను. ఒంటి మీద మెరయు నైలాను చీర, లోన చెమటకు ఒళ్లంతయు పేలియుండెను. గడపలో కూలబడి, గింత నూలుగుడ్డ ఉన్న ఇయ్యవే, చెమట తుడుచుకొందునని అడిగెను. ముత్యాలు ఇల్లంతయు వెదకెను. తువాలు నైలానే, కొంగు నైలానే, దిండు గలేబు నైలానే. సిగ్గుతో తిరిగివచ్చి, "ఇల్లంత పత్తే ఉన్నది అవ్వా. గుడ్డ లేదు" అనెను.

కొసపోగు తల్లి లేచి నిలువబడెను.

"మీ ఇంటి కొస ఇంక ఇంట్లనే ఉన్నది, దేవులాడు. తెంపకుంట తీసి నీ పెనిమిటి చేతికి కట్టు. జల్ది కట్టు బిడ్డా."

 ముత్యాలునకు చీపురు గుర్తు వచ్చెను. ఏండ్ల తరబడి చుట్టిన పోగు ఈనెలలోనికి దిగి ముడులు పడి, మట్టి పట్టి గట్టిపడి యుండెను. కత్తిపీట పక్కనే ఉండెను. ఒక్క వేటుకు వచ్చును. చేయి అటు వెళ్లెను గాని, నోటి వరకు వచ్చిన ఆ మాటను ఆమె మింగెను. గోళ్లతో, పళ్లతో, నీళ్లతో తడిపి, ఒక్కొక్క ముడిని విప్పెను. ఎక్కడను తెంపలేదు. పోగు చేతికి వచ్చువరకు నీడ గోడ దాటెను. ఆమె చేనికి పరుగెత్తెను.

పెంటయ్య గట్టు మీద పడియుండెను. డబ్బా ఖాళీగా ఉండెను.

ముత్యాలు ఆ పోగును అతని మణికట్టుకు కట్టెను. చేతులు జోడించి కూర్చుండెను. చేలలోనివారు వచ్చి చుట్టును నిలిచిరి. వారును నోముల కథలు విన్నవారే గనుక, ఎవరును ఏడువక వేచియుండిరి. తక్కిన కథలలో ఈ చోట భర్త నిద్ర లేచినట్లు లేచి కూర్చుండును. పెంటయ్య లేవలేదు. పొద్దు గూకెను. లేవలేదు.

ఇక్కడ వల్కల మహర్షి కథకు అడ్డు తగిలి, నియమము తప్పక చేసిన దానికి ఫలమియ్యకుండుట ఏమి దైవమని కన్నీటితో అడిగెను. తూలక మహర్షి, ముత్యాలు అదే మాట అడిగినదని చెప్పెను. కొసపోగు తల్లియు ఆ గట్టు మీదనే, ఆ పేలిన ఒంటితోనే కూర్చుండి ఏడ్చుచుండెనట. ఏడ్చుచు ఇట్లు చెప్పెనట.

"నేను పోగును బిడ్డా. అతికితె అతుకుత. అవుతల ఇంకో కొస ఉండాలె గద."

ముత్యాలు ఇంటికి వచ్చెను. పోయినవానిపై కప్పుటకు అంగడి నుండి తెచ్చినదియు నైలాను గుడ్డయే. అతని మణికట్టు నుండి విప్పిన ఆ పోగు మాత్రము ఆమె చేతిలో మిగిలెను. పత్తిని చూడజాలక ఊరివారికి ఎత్తుకొని పొమ్మని చెప్పెను. చాల కాలము గడచెను. ఒకనాడు పెంటకుప్ప మీద ఒక మొక్క కనబడెను. బర్రె నమలక మింగిన గింజ ఒకటి పేడతో బయటపడి, ఇన్నేండ్లు పెంటలో అణగియుండి, మొలచియుండెను. దానికి చిన్న కాయలు కాసెను. అది పాత పత్తి. ముత్యాలు దాని ముందు కూర్చుండి, ఇంత ఆలస్యముగా ఎందుకు వచ్చితివని తిట్టెను. తిట్టి, దూది తీసి, వడికి, చీపురు పోగు కొసకు అతికెను.

ఆ పోగు తీసికొని పొరుగింటికి వెళ్లెను. ఆ ఇంటి మగడు అప్పుడే మందు డబ్బా తీసికొని బయలుదేరుచుండెను. ముత్యాలు అతని భార్యకు పోగు ఇచ్చి, కట్టుమనెను. ఆ సాయంత్రము అతడు తిరిగి ఇల్లు చేరెను. ఎంత నూలు వడికిన అన్ని ఇండ్లకు వెళ్లెను. కొందరు ఆమె ఎదురు వచ్చినదని తలుపు వేసిరి. ఆమె గడప మీద పోగు ఉంచి వచ్చెను.

కావున ఓ వల్కల మహర్షీ, ఈ నోము విధి ఇది. పత్తి తీయు కాలమున, పాత గింజ నుండి వచ్చిన దూదితో ఒక పోగు వడికి, ఉదయము ఇల్లు వెడలువాని చేతికి కట్టవలెను. అన్నము పెట్టక పంపరాదు. సాయంత్రము ఆ పోగు విప్పి కదురుకు చుట్టవలెను. మనిషి రాకున్న, వచ్చునులే యని కూర్చుండక లాంతరు తీసికొని ఎదురు వెళ్లవలెను. "ఈ ఒక్కపారికి" అను మాట ఆ ఇంట పలుకరాదు. ఉద్యాపన నాడు దోసెడు గింజయు, మూరెడు పోగును వేరొకతెకు వాయనమియ్యవలెను.

పత్తి విత్తువారు, ఏరువారు, దూది ఏకువారు, మిల్లులో దగ్గువారు, మగ్గమున వంగినవారు, చాకిరేవున నిలిచినవారు, ఏమియు చేయక కట్టుకొని తిరుగువారు, అందరును ఈ నోము పట్టవలెను. కట్టుకొని తిరుగువారు మరింత శ్రద్ధతో పట్టవలెను. పట్టినవారికి గాదెలు నిండునని నేను చెప్పజాలను. ఇల్లు వెడలిన మనిషి ఇల్లు చేరును. అంతకు మించిన ఫలము ఈ తల్లి చేతిలో లేదు. ముత్యాలునకు అదియు దక్కలేదు.

ఈ నోమునకు ముత్తైదువలే కావలెనను నియమము లేదు. మొదటి వాయనము భర్త పోయినదానికే ఇయ్యవలెను. ఆమె మన గడప తొక్కుటకు జంకినచో మనమే ఆమె ఇంటికి వెళ్లవలెను.

కథ తప్పినను పోగు తప్పరాదు. ఇప్పుడు అందరును మీ చేతిలోని పోగును చూచుకొనుడు. తెగలేదు గదా. పక్కనున్నవారి మణికట్టుకు కట్టుడు, వెచ్చగా ఉన్నప్పుడే కట్టుడు. పోగు చివర కొస మాత్రము ఎవరికిని కట్టక, కదురు పక్కన ఖాళీగా వేసిన పీట మీద ఉంచుడు. అది ముత్యాలు పీట.