పసుపు గడప

సోమలింగాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం దగ్గర ఆగి, చూపుడువేలు మడిచి, ద్వారబంధాన్ని నాలుగు చోట్ల తట్టి, చెవి ఒగ్గి విని, ఆ తరవాతే లోపలికి అడుగు పెట్టేవారు. పెళ్ళివారిల్లయినా అంతే, పరామర్శకు వెళ్ళిన ఇల్లయినా అంతే. ఆయన దగ్గర వడ్రంగం నేర్చినవాళ్ళు చుట్టుపక్కల ఏడూళ్ళలో ఉన్నారు. ఉలి పట్టడం కన్నా ముందు వాళ్ళందరికీ అబ్బిన విద్య ఈ తట్టడమే. గట్టి కర్ర కంచులా పలుకుతుంది, పుచ్చిన కర్ర ఎండు సొరకాయలా పలుకుతుంది. ఈ రెంటి నడుమ ఇంకో పది పలుకులున్నాయనీ, వాటిని వినడానికి పదేళ్ళు పడుతుందనీ ఆచారి గారు చెప్పేవారు.

తవిటినాయుడికి ఆ పదేళ్ళూ నిండాయి. చెయ్యి కుదిరింది, పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది. కానీ ఇంట్లో తల్లి అప్పలనరసమ్మ పొద్దున్నే ఓ మాట అంది. మీ గురువుకు పనితనం ఉంది గానీ భక్తి లేదురా, గుడికి వెళ్ళినా దణ్ణం పెట్టక ముందు తలుపు తట్టి చూస్తాడు అంది. నవ్వుతూ అన్న మాటే అయినా తవిటినాయుడికి అది ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజు చిత్రిక పట్టి పట్టి, చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, భక్తి గొప్పదా, శ్రద్ధ గొప్పదా?"

ఆచారి గారు చెక్క మీది పొట్టు ఉఫ్‌మని ఊదారు. శుక్రవారం మీ పాప పాకుతూ తొలిసారి గడప దాటే పండగన్నావు కదూ, ఇంతకీ మీ గడప ఎలా పలుకుతోంది అని ఎదురడిగారు.

"మా గడపకేం గురువుగారూ! ఇరవయ్యెనిమిదేళ్ళుగా మా అమ్మ ఒక్క శుక్రవారమైనా తప్పకుండా కడిగి పసుపు రాస్తోంది."

ఆచారి గారు ఉలి పక్కన పెట్టారు. "అయితే శుక్రవారం రెండు సరుగుడు దుంగలు మోసుకెళ్దాం. ఒకటి నువ్వెత్తుకో" అన్నారు. ఎందుకని తవిటినాయుడు అడగలేదు. ఆయన్ని ఎందుకని అడిగితే చేతికి ఇంకో పని వచ్చేది.

ఆ ఇంటి గడప మామూలు గడప కాదు. తవిటినాయుడి తండ్రి కొండమీంచి వేగిస మాను తెప్పించి, ఆచారి గారి చేతే ద్వారబంధం చేయించి నిలబెట్టాడు. తండ్రి పోయి ఆరేళ్ళు; ఆ తరవాత ఆచారి గారికి ఆ ఇంటికి రావలసిన పని పడలేదు. ఆయన పోయాక అప్పలనరసమ్మ ఆ గడపను మరీ కంటికి రెప్పలా చూసుకునేది. శుక్రవారం తెల్లవారేసరికి రెండు బిందెల నీళ్ళు దాని మీద కుమ్మరించి, తోమి, పసుపు పట్టించేది. పసుపు మీద పసుపు పేరుకుని గడప ఇత్తడి రేకు తొడిగినట్టు మెరిసేది. తల మీద ధాన్యం బస్తా ఉన్నా సరే, గడపను తొక్కకుండా దాటి రావలసిందే. తొక్కితే మీ మామ గుండె మీద కాలేసినట్టే అని కోడలికి కాపురానికి వచ్చిన రోజే చెప్పింది. తవిటినాయుడు పని నేర్చుకునే రోజుల్లో మంచం కోడునీ, రోకలినీ, పెరటి తలుపునీ తట్టి తట్టి ఇల్లంతా హోరెత్తించేవాడు. గడప జోలికి మాత్రం పోవద్దంది. పోలేదు.

శుక్రవారం గురుశిష్యులు చెరో దుంగ భుజాన వేసుకుని వచ్చేసరికి అరుగు మీద చుట్టాలు కూర్చుని ఉన్నారు. లోపల గారెలు వేగుతున్నాయి. ఎనిమిది నెలల మంగ సావిట్లో పాకుతోంది.

"పాపకి గిలక్కాయ తెత్తారనుకున్నాను గానీ వంటచెరుకు తెత్తారనుకోలేదు ఆచారిగోరూ" అంది అప్పలనరసమ్మ. అరుగంతా గొల్లుమంది. ఆచారి గారూ నవ్వి, జేబులోంచి లక్క పూసిన గిలక్కాయ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. పెట్టి, ఎవరినీ అడక్కుండా ద్వారబంధానికి అటొక దుంగా ఇటొక దుంగా నిలబెట్టి, పైకొయ్యకు ఆనేలా కింద మేకులాంటి చెక్కముక్కలు దిగ్గొట్టారు. ఆ పైకొయ్య మీద గోడా, గోడకు ఆనుకుని అటకా ఉన్నాయి. అటక మీద ఇత్తడి గుండిగలూ, రెండు బస్తాల విత్తనాల వడ్లూ ఉన్నాయి.

అప్పలనరసమ్మకు నవ్వు తగ్గింది. "మీరు చేసిన గడపే కదా. మీ చేతిపని మీద మీకే నమ్మకం లేదేటి?" అంది.

"చేసినవాణ్ణి కదమ్మా. నమ్మడం మీ వంతు, అనుమానించడం నా వంతు" అని ఆయన శిష్యుడి వైపు తిరిగి, తట్టు అన్నారు.

తవిటినాయుడు గొంతుకూర్చున్నాడు. నిలువు కొయ్యలను పైన తట్టాడు, కంచు. మోకాలెత్తున తట్టాడు, కాస్త మందంగా పలికాయి. గడప మీద తట్టాడు. ఎండు సొరకాయ. జానెడు పక్కకు జరిగి ఇంకోసారి తట్టాడు, మొదటిది తన చెవి తప్పేమోనన్న ఆశతో. అదే సొరకాయ. చుట్టాలు ఇంకా కబుర్లాడుకుంటూనే ఉన్నారు గానీ అప్పలనరసమ్మ కదల్లేదు. పదేళ్ళు కొడుకు తట్టుడు విన్న మనిషి ఆవిడ. ఆ పలుకేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

బరువేసి చూస్తే గానీ తేలదన్నారు ఆచారి గారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒకడుగు వెనక్కి జరిగారు. అది తన గడప కాదు మరి. తవిటినాయుడు కాలెత్తాడు. తల్లి ముఖం చూశాడు. కాలు దించేసుకున్నాడు. ఈలోగా మంగ పాక్కుంటూ వచ్చి గడపకు బెత్తెడు దూరంలో ఆగి, పచ్చగా మెరుస్తున్న దాని మీదికి చెయ్యి చాపింది.

అప్పలనరసమ్మ చటుక్కున మనవరాలిని ఎత్తి కోడలికిచ్చి, కొంగు నడుముకు దోపింది.

"మా పెనిమిటి నిలబెట్టిన గడప. తొక్కితే నేనే తొక్కాల" అని కుడి మడమ ఆనించి బరువంతా మోపింది.

పసుపు పెచ్చు అప్పడంలా విరిగింది. కాలు చీలమండదాకా దిగిపోయింది. లోపలంతా తడిమట్టి, మట్టి నిండా తెల్లగా చెదలు. ఆధారం పోయిన నిలువు కొయ్య బొటనవేలి మందం కిందికి జారింది. పైకొయ్య ఒక్క మూలుగు మూలిగి దుంగల మీద కూర్చుంది. అటక మీద గుండిగలు ఒకదానికొకటి తగిలి ఖంగుమని ఊరుకున్నాయి. అరుగు మీది చుట్టాలు ఒక్కసారిగా లేచారు.

ఆవిడ కాలు పైకి లాక్కుంటూ అంది, "ఆ నీళ్ళు పోసింది నేనే గదా" అని.

ఆచారి గారు ఆవిడ కాలికంటిన మట్టి తన పైపంచెతో తుడిచారు. నీళ్ళు ఒక్కటే కాదన్నారు. వీధిలో రోడ్డు ఎత్తు చేశాక నీరు బయటికి పోయే దారి లేక గడప కిందే నిలిచిందట. చెదలు మట్టిదారులు కట్టుకుని నిలువు కొయ్య పైకి పాకితే, ఏటా వేసే సున్నం వాటిని కప్పేసిందట. తప్పు నాదీ ఉంది, కర్రను మట్టి మీద నిలబెట్టాను, కింద రాయి వెయ్యాలని ఆనాడు నాకు తట్టలేదు అన్నారు. ఆ మాట విన్నాక అప్పలనరసమ్మ ఊపిరి పీల్చుకుని, గారెలు చల్లారిపోతున్నాయి, అందరూ పెరటి గుమ్మంలోంచి రండని కేకేసింది.

గడప పని నాలుగు రోజులు పట్టింది. తవిటినాయుడే చేశాడు. ముందు అటక మీది బరువు దింపించాడు. పుచ్చినంత మేరా కోసి, చెదలున్న మట్టి లోతుగా తోడించి, కింద రాయి పరిచాడు. కొత్త కర్ర అడుగునా, అతుకుల్లోనూ చెదలు పట్టకుండా జీడినూనె పట్టించాడు. వీధివైపు నీరు జారిపోయేలా వాలు పెట్టాడు. ఇక బిందెలొద్దు, తడిగుడ్డ చాలని ఆచారి గారు తల్లితో చెప్పారు. పాత గడపలో చెదలంటని ముక్క జానెడు మిగిలితే ఆవిడ అది పారేయనివ్వలేదు. ఆయన దాన్ని చిత్రిక పట్టి మంగ నడకబండికి పిడిగా బిగించి ఇచ్చారు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. పెందరాళే ఆచారి గారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. తవిటినాయుడు మంగను ఎత్తుకుని పక్కనే నిలబడ్డాడు. "నేనడిగింది అలాగే ఉండిపోయింది గురువుగారూ" అన్నాడు.

ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని గుమ్మం వైపు చూపించారు.

లోపల్నుంచి అప్పలనరసమ్మ పసుపు గిన్నె, తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. వీళ్ళను చూడలేదు. గిన్నె పక్కన పెట్టి, చూపుడువేలు మడిచి, కొత్త గడపను ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగు చోట్ల తట్టింది. ప్రతిసారీ తల వాల్చి వింది. తరవాత తడిగుడ్డతో తుడిచి, గిన్నె దగ్గరికి లాక్కుని, వేళ్ళు పసుపులో ముంచింది.

ఆవిడ రాయడం పూర్తయ్యేదాకా ఆగి, ఆచారి గారు శిష్యుడి వైపు తిరిగారు.

"ఇక పిల్లని పాకనివ్వు" అన్నారు.