అద్దాల్లేని బండి

1986వ సంవత్సరం, ఎండాకాలం. పీరుగుట్ట ఉరుసుకు పొద్దున్నే బయలుదేరాల్సిన రోజు. మదనపల్లెలో గఫూర్ షా ఫకీరు రేకుల కొట్టం ముందర నిలబడి, అందరూ వింటుండగా ఓబుళపతి అనేశాడు.

"ఈ మందలో నేను బండి నడపను."

కొట్టంలో సానరాళ్ళ మీద గంధం తీస్తున్న చేతులు ఆగిపోయాయి.

గఫూర్ షా శిష్యుల్లో హిందువులూ ఉన్నారు, తురకలూ ఉన్నారు. ఏటా ఉరుసుకు అందరూ కలిసి గంధం అరగదీసి, రాగిబిందెలో నింపి, గుట్ట మీది దర్గాకు తీసుకుపోతారు. వెనకటి రోజుల్లో ఎద్దులబండ్ల మీద పోయేవాళ్ళు. ఇప్పుడు మోటారుసైకిళ్ళ మీద పోతున్నారు. బండ్లు మారాయి గానీ ఆచారం మారలేదు. దారిలో గంధాన్ని ఎవరూ దాటకూడదు. గంధం ఆగితే అందరూ ఆగాలి. అందుకే అందరికంటే నిదానంగా నడిచే దస్తగిరి పాత బండి మీద, అతని భార్య కాశింబీ ఒడిలో బిందె పెట్టేవాళ్ళు. దస్తగిరి గాజుల వ్యాపారి. బండి మీద గాజులు పెట్టుకుని ఊళ్ళు తిరిగి తిరిగి, గతుకు కనబడితే దిగి నడిపించుకుపోయే అలవాటు పడ్డవాడు.

ఓబుళపతిది వేరే బతుకు. ఒకే సినిమా రెండూళ్ళ హాళ్ళలో ఆడుతుంటే, ఇక్కడ ఆడిన రీళ్ళ డబ్బాలు అక్కడికి చేర్చడం అతని పని. డబ్బా రావడం ఆలస్యమైతే హాల్లో ఈలలు మొదలవుతాయి, తర్వాత కుర్చీలు విరుగుతాయి. ఏనాడూ అతని వల్ల ఒక కుర్చీ విరగలేదు. బుల్లెట్టు కొన్నరోజే దానికున్న అద్దాలు రెండూ పీకి పారేశాడు. ఎవరన్నా అడిగితే, "ఎనకున్నోళ్ళతో నాకేం పని?" అనేవాడు.

కిందటేడు దారిలో దస్తగిరిని దాటేసి పోయాడు. బిందె గుట్ట చేరేసరికి అతను వేపచెట్టు నీడన ఒక నిద్ర తీసి లేచి కూర్చున్నాడు. ఆ సంగతి ఎవరూ మరవలేదు.

"మంద అంటాడే! మనమంతా గొర్రెలమా?" అన్నాడు టమోటా మండీ కొండారెడ్డి. "బాబా, ఈ మాట ఇప్పుడే తేలిపోవల్ల. అందరితో కలిసి వస్తే రమ్మనండి. లేదంటే ఉరుసుకే వద్దనండి. మేమంతా ఒక మాట మీద ఉండాము."

గఫూర్ షా సానరాయి కడుగుతున్నాడు. తలెత్తలేదు. "ఏమప్పా ఓబుళపతీ, అందరితో పోతే నీకేం నొప్పి?"

"నా బండి చప్పుడు నాకు ఇనపడదు బాబా."

కొండారెడ్డి పకపక నవ్వాడు. "బండి చప్పుడు ఇనేదానికి ఉరుసుకెందుకప్పా? ఇంట్లో స్టాండేసి ఇనుకో."

"నువ్వు నవ్వు మామా. పది బండ్లు కలిస్తే అదంతా ఒక రొద. యాడ గొలుసు వదులైందో, యాడ గాలి తగ్గిందో తెలీదు. ఒకడు హారన్ కొడితే అందరూ కొడతారు, ఒకడు టీ అంటే అందరికీ దాహమేస్తుంది. దేవుని కాడికి పోతా ఉండానో, పెండ్లికి పోతా ఉండానో అర్థం కాదు. బాబా, మీరు మాత్రం ఒక్కరే పోతారు గదా?"

"నేనా?" గఫూర్ షా నవ్వాడు. "నేను పోయేది ఆర్టీసీ బస్సులో. నా ఒడిలో ఎవరి కోడిపెట్టో ఉంటాది."

అందరూ నవ్వారు. ఓబుళపతి నవ్వలేదు. "వద్దంటే వద్దని చెప్పండి. ఇంటికి పోతా. మందలో మాత్రం రాను."

గఫూర్ షా చేతులు తుడుచుకుని లేచాడు. కొట్టంలోకి పోయి, నిండుగా ఉన్న గంధం బిందె రెండు చేతులతో ఎత్తుకొచ్చాడు. మూతికి పలుచని తెల్లగుడ్డ కట్టి ఉంది. దస్తగిరి తన బండి దగ్గరకు నడిచాడు. కాశింబీ అప్పటికే వెనక సీటెక్కి ఒడి సర్దుకుంది. గఫూర్ షా వాళ్ళను దాటిపోయి, ఓబుళపతి చేతుల్లో బిందె పెట్టాడు.

"ఒంటరిగానే పో," అన్నాడు. "దీన్ని కూడా తీసుకుపో."

చెప్పులేసుకుని బస్టాండుకు పోయాడు.

కాశింబీ ఒడిలో పరుచుకున్న తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. అది చూసి ఓబుళపతికి మనసులో ఎక్కడో గుచ్చుకుంది గానీ, గెలిచినవాడి ముఖం పెట్టుకునే బండెక్కాడు. బిందెను పెట్రోలు ట్యాంకు మీద పొట్టకు ఆనించి, పైగుడ్డతో నడుముకు బిగించి కట్టుకున్నాడు. ఒక్క కిక్కుకు బండి లేచింది.

ఊరు దాటగానే వేగం పెంచాడు. గంధం తుళ్ళి చొక్కా తడిసింది. వేగం తగ్గించాడు. చిన్న గుంత వచ్చింది, మళ్ళీ తుళ్ళింది. ఇంకా తగ్గించాడు. సైకిలు మీద సోడాలమ్మే ముసలోడొకడు పక్కనుంచి దాటిపోతూ, "పెండ్లికూతురా ఏందప్పా ఒళ్ళో?" అని పోయాడు. ఓబుళపతిని జన్మలో ఏ సైకిలూ దాటలేదు.

అప్పుడు వెనక బండ్లు వినబడ్డాయి.

దగ్గరికొచ్చి, అతని వేగానికి తగ్గి, వెనకే వరస కట్టాయి. పొమ్మని చెయ్యి ఊపాడు. ఎవరూ పోలేదు. బండి పక్కకు తీసి ఆపాడు. వెనక బండ్లన్నీ ఆగాయి, ఇంజన్లు ఆరిపోయాయి.

"పోండ్రా! దారిచ్చినా గదా!"

"ఎట్ల పోతాము?" అన్నాడు కొండారెడ్డి, తలకు చుట్టుకున్న తువ్వాలు సర్దుకుంటూ. "గంధం నీ కాడుంది. మందకు ముందుండే పొట్టేలువు నువ్వు. నువ్వు నడిస్తే మేం నడుస్తాం."

"నేను ఒంటరిగా పోతా ఉండా!"

"పోన్నాయనా. మేం నీతో వస్తా ఉండామా? గంధంతో వస్తా ఉండాం."

వరసలో చిట్టచివర నుంచి దస్తగిరి గొంతు వచ్చింది. "నింపాదిగా పోన్నా. ఎండకు గంధం ఆరిపోకుండా గుడ్డ తడుపుకో." ఆ మాటలో కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఓబుళపతికి కొంచెం సుఖంగా ఉండేది.

బండి తీశాడు. వాళ్ళూ తీశారు. అతను టీకొట్టు దగ్గర ఆగలేదు, వాళ్ళూ ఆగలేదు. ఆ రొదలో తన బండి చప్పుడు తనకు వినబడలేదు. పళ్ళు కొరుక్కుంటూ పోయాడు.

రెండు దారులు చీలే చోటు వచ్చింది. తారురోడ్డు కొండను చుట్టి పోతుంది. రెండోది కనుమ మీదుగా పోయే పాత బండ్లబాట. అంతా గులకరాళ్ళు, ఒక పక్క ఎండిపోయిన లోతైన వంక. వర్షాలకు కోసుకుపోయాక ఆ దారిన మేకలు తప్ప ఎవరూ పోవడం లేదు. బుద్ధున్నవాడెవడూ వెనక రాడనుకున్నాడు ఓబుళపతి. హ్యాండిలు బాట వైపు తిప్పాడు.

వెనక ఎవరో "యా అల్లా" అన్నారు. కొండారెడ్డి ఒక బూతుమాట అన్నాడు. తర్వాత బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి గులకరాళ్ళ మీదికి దిగిన చప్పుడు వినబడింది.

ఎక్కుడు మొదలైంది. బాట ఇరుకు కావడంతో బండ్లు ఎడమెడమయ్యాయి. రొద విడిపోయింది. ఇప్పుడు ఒక్కొక్క బండి చప్పుడూ వేరువేరుగా చెవిన పడుతోంది. ఇది కొండారెడ్డిది. ఇది కర్రల డిపో వాళ్ళది. అన్నిటికన్నా వెనక దగ్గు పట్టిన ముసలాడిలా దస్తగిరిది. ఒక్కొక్కటే ఆగిపోతే, వెనక్కి తిరిగిపోతే బాగుండునని ఓబుళపతి చెవులు రిక్కించి వింటున్నాడు.

ఒకటి ఆగిపోయింది.

దస్తగిరిది. హమ్మయ్య, ఒకడు వెనక్కి పోయినాడు అనుకున్నాడు. ఇంకొంచెం పైకెక్కాడు. కానీ ఆ చప్పుడు మామూలుగా ఆగలేదు. ఆగేముందు ఒక్కసారి గొంతు చించుకుని అరిచి ఆగింది. చక్రం గాలిలో తిరిగినప్పుడు బండి అట్లా అరుస్తుంది. పైగా దస్తగిరి వెనక్కి పోయే మనిషి కాడు. గంధం నరకానికి పోతే అక్కడికీ వస్తాడు.

వెనక ఎవరూ ఆగలేదు. మిగతా బండ్లన్నీ ఎక్కుతూనే ఉన్నాయి.

ఆ ఎక్కుడులో, పొట్టకు బిందె కట్టుకుని, బుల్లెట్టు ఆపితే ఏమవుతుందో ఓబుళపతికి బాగా తెలుసు.

ఆపాడు.

కుడికాలు నేల మీద ఆనించాడు. కాలి కింద గులకరాళ్ళు జారాయి. బండి కుడి పక్కకు ఒరిగింది. హ్యాండిలు పట్టుకుంటే బిందె పోతుంది. హ్యాండిలు వదిలేసి, రెండు చేతులతో బిందెను కావిలించుకున్నాడు. బండి బరువంతా కాలి మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. సైలెన్సరు పిక్కకు అతుక్కుంది.

కొండారెడ్డి పరుగెత్తుకొచ్చి, బిందెకు రెండడుగుల ఇవతల టక్కున ఆగిపోయాడు. బండి లేపాలంటే ముందుకు పోవాలి. ముందుకు పోతే గంధాన్ని దాటినట్టు.

"ఏంది మామా చూస్తా ఉండావు?" ఓబుళపతి అరిచాడు. "నన్ను కాదు! దస్తగిరి పడిపోయినాడు. వంకలోకి పోయినాడు. పోండి!"

"వాడు ఎనక వస్తా ఉండాడు గదరా?"

"రావడం లేదు! చెవుడా మీకు? పోండి!"

వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. బాట ఖాళీగా ఉంది.

వంకలో బండి కింద దస్తగిరి ఉన్నాడు. ట్యాంకు రొమ్ము మీద ఉంది. పెట్రోలు కారి గడ్డం తడిసిపోయింది. అరవడానికి ఊపిరి చాలడం లేదు. కాశింబీ గాజులన్నీ పగిలిన చేతులతో ఒక్కతే బండిని నెడుతోంది. నలుగురు పట్టి లేపారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

తర్వాత ఓబుళపతి మీది బండి లేపడానికి దస్తగిరే నడిచొచ్చాడు. ముందుకు పోకుండా, వెనక నుంచే, పక్కటెముకలు పట్టుకుని మూలుగుతూ లేపాడు.

"ఇంకో బండి ఎనకాల కూచోబెడతాం, రా," అన్నాడు కొండారెడ్డి.

"నా బండి మీదే వస్తా."

"కాలు యాలాడతా ఉందిరా!"

"యాలాడనీ. నా బండి మీదే."

చివరికి అతని బుల్లెట్టు మీదే వెనక కూర్చోబెట్టారు, కొండారెడ్డి నడిపాడు. బిందె ఓబుళపతి ఒడిలో ఉంది. నింపాదిగా పోయారు. ఎవరూ గంధాన్ని దాటలేదు.

గుట్ట కింద వేపచెట్టు నీడన గఫూర్ షా కూర్చుని ఉన్నాడు. బస్సు ఎప్పుడో వచ్చేసింది. బిందె అందుకుని గుడ్డ విప్పి చూశాడు. సగానికి పైగా ఉంది. ఓబుళపతి కాలు చూశాడు. దస్తగిరి గడ్డం వాసన చూశాడు.

"అంతా ఈడి మొండితనం వల్ల బాబా," అన్నాడు కొండారెడ్డి. "మంచి దారి ఇడిసిపెట్టి మేకల బాట పట్టినాడు."

"అవును, నేనే పట్టినా," అన్నాడు ఓబుళపతి. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తల వంచలేదు. "దస్తగిరి పడింది నా వల్లే. ఆ తప్పు నాది. కానీ మందలో నడపనన్న మాట మాత్రం ఇప్పటికీ అంటా ఉండా."

గఫూర్ షా కొండారెడ్డి వైపు తిరిగాడు. "దస్తగిరి బండి ఆగిపోయిందని నీకెప్పుడు తెలిసె?"

"ఈడు అరిచినాక."

"నీ వెనకే గదా ఉండె?"

కొండారెడ్డీ మిగతావాళ్ళూ నేల చూపులు చూశారు.

ముసలాయన బుల్లెట్టు దగ్గరకు పోయి, అద్దం ఉండాల్సిన ఖాళీచోటు వేలితో తడిమాడు. బిందెలో వేలు ముంచి ఆ చోట గంధం బొట్టు పెట్టాడు.

"వచ్చే ఏడు కూడా ఒంటరిగానే రా," అన్నాడు. "ముందర కాదు. అందరికన్నా ఎనక."

బిందె తీసుకుపోయి కాశింబీ చేతుల్లో పెట్టి, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

మరుసటేడు గంధం కాశింబీ ఒడిలో పోయింది. అన్ని బండ్లకూ చాలా వెనక, దుమ్ము అణిగాక, ఒక బుల్లెట్టు ఒంటరిగా వచ్చింది. దానికి అద్దాలు లేవు. ఓబుళపతి కుడికాలు వంకరగా అతుక్కుని పొట్టిదైపోయింది. కిక్కు కొట్టే కాలు అదే. సినిమాహాలు వాళ్ళు రీళ్ళు మోయడానికి ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.